కడుపు చెప్పని జబ్బులు

(జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు జయంతి నాడు భీమవరంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం)

పెద్దలకి, అమ్మలకి, వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలకి నమస్కారం. పండగ ముంగిట్లోకి వచ్చేసింది. ఇళ్ళలో అరిసెల పాకం, బయట కోడిపందేల కబుర్లు. అవన్నీ పక్కనపెట్టి పేగుల గురించి వినడానికి వచ్చారంటే మీ ఓపికని మెచ్చుకోవాలి. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘జీర్ణవ్యవస్థ, ఆరోగ్యం’. అంత పెద్ద విషయం జోలికి నేను వెళ్ళను. కడుపులో నొప్పీ మంటా ఏమీ లేకుండా లోపల జబ్బు ముదిరి, అది రక్తంలోనో నరాల్లోనో ఎముకల్లోనో బయటపడుతుంది చూడండి, ఆ ఒక్క సంగతే మాట్లాడతాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న ఈ ఊళ్ళోనే పుట్టారు. ఆయన అమెరికా వెళ్ళడం, అక్కడ చేసిన పరిశోధనలు మీకు తెలిసినవే. అంతకుముందు ఆ ఇంట్లో జరిగింది మాత్రం సభల్లో తక్కువగా వినిపిస్తుంది. 1921లో ఆయన అన్న, తమ్ముడు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తర్వాత అదే జబ్బు ఆయనకీ పట్టుకుంది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు.

ఏమిటీ స్ప్రూ? చిన్నపేగు లోపలి గోడ మీద నూగులాంటి సన్నటి మొలకలు ఉంటాయి. తిన్నదాంట్లోని సారమంతా వాటి ద్వారానే రక్తంలోకి ఎక్కాలి. స్ప్రూలో ఆ మొలకలు అరిగి చదునైపోతాయి. మనిషి తింటూనే ఉంటాడు, ఒంటికి పట్టదు. నాలుక ఎర్రబారి పూస్తుంది, బరువు తగ్గుతుంది, రక్తం తగ్గిపోతుంది. చాలామందికి విరేచనాలు ఉంటాయి. కొందరికి అవి కూడా పెద్దగా ఉండవు, నీరసం, పాలిపోవడం మాత్రమే కనిపిస్తాయి. చూసినవాళ్ళు ‘రక్తం తక్కువైంది’ అంటారు. జబ్బు పేగుల్లో ఉందని ఎవరికి తడుతుంది?

ఆ తర్వాత కొన్నేళ్ళకి బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసింది. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం పెడితే వాళ్ళు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించింది. అందులో పనిచేసిందేమిటో ఆమెకి తెలీదు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆసిడ్ అదే. స్ప్రూ రోగులకి అది ఇస్తే రక్తం పుంజుకుంది. ఆ లెడర్లీలోనే, ఆయన పరిశోధన విభాగం నడుపుతున్నప్పుడే, ఆరియోమైసిన్ బయటపడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. ఇవాళ్టికీ స్ప్రూ వచ్చిన మనిషికి మేం రాసేది ఫోలిక్ ఆసిడ్, దానితోపాటు కొన్ని నెలలపాటు టెట్రాసైక్లిన్. అన్నదమ్ములిద్దర్నీ తీసుకుపోయిన జబ్బుకి రెండు మందులూ ఆయన పనిచేసిన చోటి నుంచే వచ్చాయి. నాకైతే ఆయన మిగతా ఘనతలన్నిటికంటే ఇదే పెద్దదిగా అనిపిస్తుంది. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ఫోలిక్ ఆసిడ్ వచ్చిన కొత్తలో ఇంకో సంగతి బయటపడింది. పెర్నీషియస్ ఎనీమియా అని ఒక రక్తహీనత జబ్బుంది. బి12 విటమిన్ ఒంటికి ఎక్కాలంటే జీర్ణాశయం గోడ నుంచి ఒక ప్రోటీన్ ఊరాలి. అది బి12ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళితేనే లోపలికి వెళుతుంది. ఈ రోగుల్లో ఆ ప్రోటీన్ ఊరదు. వాళ్ళకి ఫోలిక్ ఆసిడ్ ఇచ్చి చూశారు. రక్తం మామూలైంది. నరాలు మాత్రం పాడవుతూనే పోయాయి, కొందరికి నడక కూడా చెడింది. బి12ని విడిగా తీయగలిగింది 1948లో, సుబ్బారావు గారు కన్నుమూసిన ఏడాదే. అందుకే రక్తం తక్కువని ఎవరో చెప్పగానే ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే కొనుక్కుని నెలల తరబడి మింగకండి. సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష, రిపోర్టు బాగుపడి, కాళ్ళు మొద్దుబారడం మొదలైతే అది మంచి బేరం కాదు.

కాళ్ళ మాట వచ్చింది కాబట్టి అక్కడే కాసేపు ఆగుతాను. ఈ సభలో షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు తక్కువ ఉండరు. మెట్‌ఫార్మిన్ మంచి మందే, మానమని చెప్పడం లేదు. ఏళ్ళ తరబడి వాడితే బి12 ఒంటికి ఎక్కడం తగ్గుతుంది. దానికి తోడు పరగడుపున గ్యాస్ టాబ్లెట్. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి వారాల కోసం రాస్తే మనవాళ్ళు సంవత్సరాలు వేసుకుంటారు. ఆహారంలోంచి బి12 విడివడాలంటే కడుపులో ఆమ్లం కావాలి, ఈ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. పైగా మనిషి శాకాహారి అయితే, పాలూ పెరుగూ కూడా అంతంతమాత్రమైతే చెప్పేదేముంది. అరికాళ్ళు తిమ్మిరి, మతిమరుపు, చిరాకు, నోటిపూత. ఇంట్లోవాళ్ళు ‘షుగరు వల్లే’ అని సరిపెట్టుకుంటారు, ‘పెద్దతనం’ అంటారు, ‘టెన్షన్ పడుతున్నాడు’ అంటారు. కాలేయంలో బి12 నిల్వ కొన్నేళ్ళకి సరిపడా ఉంటుంది కాబట్టి కారణం ఇవాళ మొదలైతే ఫలితం ఎప్పటికో కనిపిస్తుంది. ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఈ మందులు ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఒకసారి బి12 పరీక్ష చేయించుకోవాలా అని మీ డాక్టరునే అడగండి.

ఇప్పుడు ఐరన్ సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందులో ఎక్కువ భాగానికి కారణం తిండి చాలకపోవడం, నెలసరి, కాన్పులు. అందరికీ పేగు జబ్బని నేను అనడంలేదు. కానీ ఐరన్ మాత్రలు సరిగ్గా నెలరోజులు వేసుకున్నా హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము కూడా పెరగలేదంటే ఆగి ఆలోచించాలి. చేలో నీళ్ళు నిలవకపోతే మీరేం చేస్తారు? బోదె పూడిందేమో, గట్టుకి గండి పడిందేమో చూడకుండా ఇంజను పెట్టి తోడిపోస్తారా? ఒంట్లో రక్తం తగ్గినప్పుడు మాత్రం సరిగ్గా అదే చేస్తాం. ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళి సెలైన్ ఎక్కించుకుంటాం, టానిక్ సీసా తెచ్చుకుంటాం.

ముందు బోదె. ఐరన్ చిన్నపేగు మొదట్లో ఎక్కుతుంది. అక్కడ మొలకలు అరిగితే ఎక్కదు. గోధుమ పడని సీలియాక్ జబ్బులో జరిగేది ఇదే. ఉత్తరాది కంటే మన దగ్గర ఇది చాలా తక్కువ, కాబట్టి భయపడి చపాతీలు మానేయకండి. అనుమానం ఉంటే గోధుమ మానకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టే చూపించవచ్చు. హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి కడుపులో చేరినా ఐరన్ సరిగ్గా ఎక్కకపోవచ్చు. అల్సర్లకి కారణం టెన్షనూ కారమూ అని ప్రపంచమంతా నమ్ముతున్న రోజుల్లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1984లో ఆ క్రిమిని తనే తాగి, తన కడుపులో వాపు తెప్పించుకుని చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. మీరెవరూ ప్రయత్నించకండి.

ఇక గండి. కొంకిపురుగులు పేగు గోడని కరిచిపట్టుకుని రోజూ కొంచెం కొంచెం రక్తం తాగుతాయి. చెప్పుల్లేకుండా తడిమట్టిలో నడిచే కాళ్ళలోంచే లోపలికి వస్తాయి. బళ్ళో పిల్లలకి ఇచ్చే అల్బెండజోల్ మాత్ర వీటి కోసం కూడా, వద్దని దాచేయకండి. పిల్లలో పెద్దలో పచ్చిబియ్యం, మట్టి, సుద్దముక్క తినాలని తహతహలాడుతుంటే కసరకండి, ఐరన్ తక్కువై ఉండొచ్చు, పరీక్ష చేయించండి. మోకాళ్ళ నొప్పులకి మందులషాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళలు ఇంకో గండి. కొందరికి కడుపులో నొప్పి లేకుండానే పుండు చేస్తాయి. నొప్పిని చంపే మాత్ర వేసుకున్న మనిషికి పుండు నొప్పి మాత్రం ఎలా తెలుస్తుంది? తారులా నల్లగా, జిగటగా విరేచనమైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. ఐరన్ మాత్రల వల్ల కూడా నల్లబడుతుంది గానీ అలా జిగటగా ఉండదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఆ మధ్య ఒక రైతు వచ్చాడు, అరవై దాటాయి. మెట్లెక్కితే ఆయాసం. గుండె పరీక్షలన్నీ చేయించారు, బానే ఉంది. ఏడాదిగా టానిక్కులు, అప్పుడప్పుడు సెలైన్. ఆకలి ఉంది, విరేచనం మామూలుగా ఉంది, కడుపునొప్పి అన్నమాటే లేదు. పెద్దపేగు కుడివైపు గడ్డ ఉంది, లోపల్లోపల రక్తం కారుతోంది. కుడివైపు పేగు వెడల్పు, అక్కడ మలం పల్చగా ఉంటుంది కాబట్టి అడ్డం పడేదాకా తెలియదు. కంటికి కనపడని ఆ రక్తాన్ని పట్టే మలపరీక్ష పెద్ద ఖర్చు కాదు, కానీ అది బాగున్నంత మాత్రాన పూర్తిగా నమ్మలేం. మగవాళ్ళకైనా, నెలసరి ఆగిన ఆడవాళ్ళకైనా ఐరన్ తగ్గిందంటే ఎక్కడికి పోతోందో తేలేదాకా వదలకూడదు. పైనుంచి ఎండోస్కోపీ, కింది నుంచి కొలనోస్కోపీ చేయించమంటే మనవాళ్ళు సిగ్గుపడతారు. ఆ పెద్దాయన కూడా పడ్డాడు. ఆపరేషన్ అయింది, ఈ పండక్కి ఇంట్లోనే ఉన్నాడు.

యూట్యూబులో పేగుల్ని శుభ్రం చేస్తాయని చెప్పే ‘గట్ డీటాక్స్’ పొడుల గురించి అడుగుతారని నాకు తెలుసు. నేను చెప్పిన జబ్బుల్లో ఒక్కటి కూడా వాటితో తగ్గదు. డబ్బులు మిగుల్చుకుని సీబీపీ, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి. సీబీపీలో ఎం.సి.వి. అని ఒక అంకె ఉంటుంది, ఎర్రకణాల సగటు సైజు అది, మామూలుగా 80 నుంచి 100. ఐరన్ తక్కువైతే అది తగ్గుతుంది, బి12, ఫోలిక్ ఆసిడ్ తక్కువైతే పెరుగుతుంది. ఐరనూ, వీటిల్లో ఒకటీ కలిసి తక్కువైతే ఒకటి కిందికి, ఒకటి పైకి లాగి అంకె మామూలుగానే కనిపించవచ్చు. కాబట్టి రిపోర్టు మీరే చదివేసుకుని గుండె మీద చెయ్యేసుకోవద్దు. ఇక ప్రశ్నలు అడగండి, మొదట వెనక వరసలో ఉన్న అమ్మలు.