మెత్తబడ్డ స్పాల్టెడ్ చెక్క గిన్నెకు ఏ సీలర్ పనికొస్తుంది? నాలుగూ వాడి చూశాను

నమస్కారం అండి. ముందు ఈ గిన్నె చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. సన్నటి పెన్నుతో గీసినట్టున్న ఈ నల్ల గీతలు ఫంగస్ గీసినవి. దుంగ తడిగా పడి ఉన్నప్పుడు రకరకాల ఫంగస్‌లు లోపలికి చేరి, ఒకదాన్నొకటి రానివ్వకుండా మధ్యలో ఇలా గోడలు కట్టుకుంటాయి. దీన్నే స్పాల్టింగ్ అంటారు.

అందమంతా ఇందులోనే ఉంది, చిక్కూ ఇందులోనే ఉంది. గీతల మధ్య పాలిపోయిన ఈ తెల్లటి చోట గోటితో నొక్కుతున్నాను. చూశారా, గోరు దిగిపోయింది. చెక్కకు బిగువునిచ్చే లిగ్నిన్‌ని కూడా ఫంగస్ తినేసింది. ఇక ఉలికి ఆనేంత గట్టిదనం ఎక్కడుంటుంది?

ఒకే దుంగలోంచి నాలుగు గిన్నెలు లేత్ మీద తిప్పి, నాలుగు రకాల సీలర్లతో, అంటే చెక్కలోకి ఇంకి దాన్ని బిగించే పూతలతో, సీల్ చేశాను. అన్నీ బాగా ఆరాకే. తేమ 20 శాతం లోపుకు దిగితే ఫంగస్ పెరగడం ఆగిపోతుంది. పచ్చిగా ఉన్న చెక్కలోకి సీలర్ కూడా సరిగా ఇంకదు.

మొదటిది ఉత్త అవిసె నూనె. ఇది నాకు నచ్చలేదు. మెత్తటి చోట ఎంత పోసినా తాగేస్తూనే ఉంది, గట్టి చోట పైనే నిలిచింది. ఇదిగో, ఈ మచ్చలు. నల్ల గీతలు ఆ ముదురు రంగులో కలిసిపోయాయి. గోరు ఇప్పటికీ దిగుతోంది. నూనె చెక్కకు రంగు తెచ్చింది కానీ బలం ఇవ్వలేదు.

రెండోది వుడ్ హార్డెనర్. ద్రావకంలో కరిగిన రెజిన్ ఇది. ద్రావకం ఆవిరైపోయాక రెజిన్ నారల మధ్య మిగిలి గట్టిపడుతుంది. బలం విషయంలో పేరు పెట్టడానికి లేదు. కానీ తెల్లటి భాగం ఎప్పుడూ తడిసి ఉన్నట్టు కనిపిస్తోంది. వాసన కూడా ఘాటు, గాలి ఆడే చోటే వాడండి.

మూడోది పల్చటి సూపర్ గ్లూ. నాలుగింట్లో బాగా గట్టిపడింది ఇదే. మరీ డొల్లగా ఉన్న చోట దీనికి సాటి లేదు. అయితే కారిన చోటల్లా అంచు కట్టి మచ్చ పడింది. ఆవిరికి కళ్లు మండుతాయి. దీన్ని నూలు గుడ్డతో మాత్రం తుడవకండి. నూలు తగిలితే గ్లూ ఒక్కసారిగా వేడెక్కి పొగ వస్తుంది, చెయ్యి కాలుతుంది.

నాలుగోది షెల్లాక్, అంటే మన లక్కే. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మైనం తీసేసిన షెల్లాక్ పలుకులు 120 గ్రాములు, లీటరు ఆల్కహాల్‌లో కరిగించాను. చాలా పల్చగా ఉంటుంది, అలాగే ఉండాలి. మొదటి పూత వేసిన నిమిషంలో మాయమైపోయింది. చెక్క ఇక తాగనని మానుకునేదాకా వేస్తూ, ఒక రాత్రంతా వదిలేశాను.

ఇప్పుడు అసలు సంగతి. సీలింగ్ అంటే గిన్నె పూర్తయ్యాక చేసే పని అని చాలామంది అనుకుంటారు. మెత్తటి చెక్కకు ఆఖరి కోతకు ముందే చెయ్యాలి. బలం లేని నార ఉలి అంచుకు వంగిపోయి చినుగుతుంది. షెల్లాక్ పట్టుకున్న నార నిలబడి తెగుతుంది. గిన్నె అంచుకు ఇటు వైపు సీల్ చెయ్యకముందు కోసిందే వదిలేశాను, పీచు పీచుగా లేచింది. అటు వైపు సీల్ చేశాక, అప్పుడే పదును పెట్టిన గౌజ్‌తో, అంటే గాడి ఉన్న ఉలితో, సన్నగా కోశాను. తేడా మీకే కనిపిస్తోంది.

కోత బాగుంటే శాండ్‌పేపర్ పని తగ్గుతుంది. అది తగ్గడమే మంచిది. నల్ల గీతలు గట్టివి, తెల్లటి భాగం మెత్తన. గట్టిగా రుద్దితే మెత్తటి చోట గుంటపడి, గీతలు గట్లలా పైకి లేస్తాయి. ఆ అలలు వేలికి తెలుస్తాయి. మాస్క్ లేకుండా ఈ చెక్కను అస్సలు రుద్దకండి, ఈ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నా ఓటు షెల్లాక్‌కే. ముందు షెల్లాక్ పట్టించి, అప్పటికీ గోరు దిగే చోట్ల మాత్రమే గ్లూ చుక్కలు వేయండి. కింద షెల్లాక్ ఉంటే గ్లూ మచ్చ బాగా తగ్గుతుంది. ఆఖరి కోతకు కొత్త నార బయటపడుతుంది కాబట్టి ఇంకో రెండు పూతలు, ఆ పైన మైనం. అద్దంలా మెరిపించాలని చూడకండి. ఇలాంటి మోటు గిన్నెకు ఈ మసక మెరుపే బాగుంటుంది. షెల్లాక్ వేడికి, ఆల్కహాల్‌కి తట్టుకోదు. అందుకే ఇది చూసుకోవడానికీ, పొడి వస్తువులు పెట్టుకోవడానికీ మాత్రమే. కూరలు, పులుసులు వద్దండి.

అవిసె నూనె వాడేవాళ్లకు ఒక్క మాట. నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడెయ్యకండి, దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. నా గుడ్డ అదిగో, బయట తీగ మీద విడిగా ఆరుతోంది.