ఆ బల్ల దగ్గర ఒక మనిషి కావాలి

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. ఈ గ్రంథాలయ వారోత్సవాల్లో నాకిచ్చిన అంశం 'యువత - పుస్తక పఠనం'. అధ్యక్షులవారు మన్నించాలి. నేను వేరే సంగతి చెప్పాలి. ఏడేళ్లుగా లోపల పెట్టుకుని తిరుగుతున్నాను.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. నా దగ్గర చదివిన ఒక కుర్రాడి తండ్రి హమాలీ. మూడేళ్లు ఫీజులు కట్టి కొడుకుని డిగ్రీ చదివించాడు. ఉద్యోగం కూడా వచ్చింది. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ దగ్గర ఆపేశారు. డిగ్రీ ఇచ్చిన సంస్థ పేరు యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ, వాళ్ల నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఉందట. ఆయన ఆ కాగితం సంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మాస్టారూ, ఆ లిస్టు ఎప్పుడు పెట్టారు?" అన్నాడు. పిల్లాడు చేరకముందే పెట్టారు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చేరేటప్పుడు ఆ కుర్రాడు నాకు కనబడ్డాడు కూడా. బాగా చదువుకో నాయనా అన్నాను. డిగ్రీ ఎవరిస్తారురా అని అడగలేదు.

అమ్మా, ఈ ఒక్క ప్రశ్న ఇంటికి తీసుకెళ్లండి: డిగ్రీ ఎవరిస్తారు? 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం పార్లమెంటు గానీ రాష్ట్ర శాసనసభ గానీ చట్టం చేసి పెట్టిన విశ్వవిద్యాలయం, విశ్వవిద్యాలయంతో సమానమని కేంద్రం డీమ్డ్ హోదా ఇచ్చిన సంస్థ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థ, వీళ్లే డిగ్రీ ఇవ్వాలి. ఇంకెవరిచ్చినా చెల్లదు. మరి దొంగ డిగ్రీ ఇచ్చినవాడికి అదే చట్టంలో శిక్ష ఎంతో తెలుసా? వెయ్యి రూపాయల దాకా జరిమానా. అంతే. మూడేళ్ల కాలం పోగొట్టుకున్న పిల్లాడి ముందు వెయ్యి రూపాయలు! దీని మీద గంట మాట్లాడగలను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, వదిలేస్తాను.

ఇలా మోసపోయేది మన దేశంలో చదువుల సమాచారం లేక కాదు. ప్రతి బడికీ యూడైస్ కోడ్ అని పదకొండు అంకెల గుర్తింపు సంఖ్య ఉంది, ఆ బడి వివరాలన్నీ ప్రభుత్వం దగ్గరున్నాయి. విద్యాహక్కు చట్టంలో 12వ సెక్షన్ ఉంది, ప్రైవేటు బడి ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు చుట్టుపక్కల పేద, బలహీన వర్గాల పిల్లలకివ్వాలని. మూల్యాంకనం చేసిన మన జవాబు పత్రాన్ని సమాచార హక్కు కింద మనం చూసుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందులో మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఆరుగురు. ఈ హాల్లో ఆరుగురు!

ఇక కాలేజీల వాళ్లు వాడే మాటలు చూడండి. అఫిలియేటెడ్ (అంటే విశ్వవిద్యాలయానికి అనుబంధ కాలేజీ), అటానమస్, డీమ్డ్. కాలేజీ గోడ మీద 'అటానమస్' అని పెద్దక్షరాలతో రాస్తే తండ్రి ఏమనుకుంటాడు? అటానమస్ అంటే సిలబస్, పరీక్షలు ఆ కాలేజీ చూసుకుంటుంది, డిగ్రీ మాత్రం విశ్వవిద్యాలయమే ఇస్తుంది. రెండు వాక్యాలు. ఎదురుగా కూర్చుని ఆ రెండు వాక్యాలు చెప్పే మనిషి లేడు. ఆ హమాలీకి వెబ్‌సైట్ చూపించి ఏం లాభం? ఆయనకు కావలసింది "ఈ కాగితం చూడండి బాబూ" అంటే చూసిపెట్టేవాడు.

అందుకే ఈ గ్రంథాలయాన్ని అడుగుతున్నాను. ఇంటి పన్నుతో పాటు మనమంతా గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. కాబట్టి ఇది దయతో ఇచ్చేది కాదు. పత్రికల బల్ల పక్కన ఇంకో బల్ల వేయండి. ఒక కంప్యూటర్, ఇంటర్నెట్, రెండు కుర్చీలు చాలు. మే, జూన్, జూలై, అడ్మిషన్ల మూడు నెలలూ సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచండి. కార్యదర్శి గారూ, మీరు మనిషి లేడంటారు. నేను వస్తాను. జీతం వద్దు. ఇక్కడ రిటైరైన మాస్టార్లు ఇంకా నలుగురు కూర్చున్నారు, నాకు కనబడుతూనే ఉన్నారు. వాళ్లనీ అడుగుతున్నాను, అందరి ముందూ అడుగుతున్నాను.

తల్లిదండ్రులు ప్రాస్పెక్టస్ తీసుకురండి. ఫీజు కట్టకముందు రండి. కట్టాక కాదు.