చెయ్యి కదిలితే కదలనివ్వండి

అందరికీ నమస్కారం. కెమెరా పట్టిన మొదటి రోజే మనకు చెప్పిన పాఠం ఒకటుంది: చెయ్యి కదపొద్దు. ఈ పూట ఆ పాఠాన్ని కాసేపు పక్కన పెట్టి, కదలికతో కావాలనే బ్లర్, అంటే చెదిరిన బొమ్మ, తెచ్చుకుందాం.

నాకిది ఒక పనికిరాని మధ్యాహ్నం అబ్బింది. నడినెత్తిన ఎండ, ఎదురుగా చెట్లు తప్ప ఏమీ లేవు. సంచి సర్దేయబోతూ, విసుగుతో షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే తెర) ఎక్కువసేపు తెరిచి ఉండేలా నెమ్మది చేసి, బోదెల వెంట కెమెరాను పైనుంచి కిందికి దించాను. స్క్రీన్ మీద చెట్లు లేవు, కుంచెతో గీసినట్టు నిలువు చారలున్నాయి. తర్వాత తీసిన ముప్పై చెత్తబుట్టకే పోయాయి. అది మామూలే, టెన్షన్ పడకండి.

కెమెరాను ఎటు తిప్పాలో ఎదురుగా ఉన్న గీతే చెబుతుంది. చెట్లయితే నిలువుగా, సముద్రమయితే అడ్డంగా. బటన్ నొక్కాక చెయ్యి కదిపితే మొదట్లో కుదుపు పడుతుంది. అందుకే ముందే కదలిక మొదలుపెట్టి, మధ్యలో నొక్కి, షట్టర్ మూసుకున్నాక కూడా చెయ్యి ఆపకండి.

అసలు ఇబ్బంది వెలుతురుతో. మంచి ఎండలో ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును పట్టే సున్నితత్వం) 100, లెన్సు రంధ్రం బాగా చిన్నదిగా ఎఫ్/16 పెడితే షట్టర్ సెకనులో 125వ వంతు దగ్గర ఉంటుంది. మనకు కావలసింది నాలుగో వంతో, అరసెకనో. లెన్సు ముందు పెట్టే నల్లద్దం, అంటే 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ ఉంటే, ఒక్కో స్టాపుకీ సగమవుతూ వెలుతురు 64వ వంతుకు తగ్గుతుంది, అరసెకను దొరుకుతుంది. ఫిల్టర్ లేదా? కెమెరాను స్టాండు మీద పెట్టి, వరసగా పదహారు ఫ్రేములు తీయండి. ఇంటికొచ్చి ఎడిటింగ్ యాప్‌లో లేయర్లుగా, అంటే ఒకదానిమీద ఒకటి పొరలుగా పేర్చి, ఒపాసిటీ (పొర ఎంత కనబడాలో) అడుగుదానికి 100 శాతం, రెండోదానికి 50, మూడోదానికి 33, నాలుగోదానికి 25, ఇలా తగ్గిస్తూ పోతే అన్నిటి సగటు వస్తుంది. పారే నీళ్లు మెత్తబడతాయి. వేగంగా పోయే కారు మాత్రం మెట్లు మెట్లుగా కనబడుతుంది, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ ఉంది కదా. నాకైతే ఆ మెట్లే నచ్చుతాయి.

1838లో, ఫోటోగ్రఫీ తొలినాళ్లలో, దాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకడైన డాగెర్ పారిస్ వీధిని ఫోటో తీశాడు. ఎక్స్‌పోజర్ నిమిషాల తరబడి సాగింది కాబట్టి నడిచే జనం, బండ్లు మాయమయ్యారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ ఒక మనిషి మాత్రం మిగిలాడు. బ్లర్ అంతటికీ కిటుకు ఆ మనిషే. ఫ్రేములో ఏదో ఒకటి నిలబడి ఉండాలి, లేకపోతే చూసేవాళ్లు అది పొరపాటనుకుంటారు.

అందుకే బ్లర్ తీసిన చోటే, అదే వెలుతురులో, కదపకుండా ఇంకో ఫోటో తప్పక తీసుకోండి. రెండూ కలిపితే మీ బూట్ల మనిషి దొరికినట్టే. కలిపేటప్పుడు లైటెన్ మోడ్ (రెండిట్లో తెల్లగా ఉన్నదాన్ని ఉంచేది) పెడితే తెల్లటి ఆకాశం సన్న కొమ్మల్ని మింగేస్తుంది. నల్లగా ఉన్నదాన్ని ఉంచే డార్కెన్ పెట్టండి, కొమ్మలు నిలుస్తాయి. రాత్రి వాహనాల లైట్లకు మాత్రం లైటెనే సరి.

ఇది మోసం కదా అని ఎప్పుడూ ఒకరు అడుగుతారు. 1850లలోనే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రానికో నెగటివ్, ఆకాశానికో నెగటివ్ తీసి ఒకే ప్రింటులో కలిపాడు. 1857లో ఇంకో ఫోటోగ్రాఫర్ రెయిలాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లతో ఒక చిత్రం కట్టాడు. ఆయన్నీ తిట్టారనుకోండి. వార్తకోసం తీసిన ఫోటోలో ఇలాంటివి చేయకూడదు. మిగతాచోట్ల, కలిపానని చెప్పేస్తే సరిపోతుంది.

మాటలు చాలు, బయట ఎండ ఇంకా ఉంది. మీలో ఒకరు ముందుకు రండి. అరసెకను అటూ ఇటూ ఊగకుండా నిలబడాలి, మిగతావాళ్లంతా పక్కనుంచి నడుస్తారు.