రద్దు బటన్‌లో వత్తు తెగిపోతే

హోస్ట్: నమస్కారం. బెంగళూరు మారతహళ్లి నుంచి మాట్లాడుతున్నాం. కింద రోడ్డు మీద హారన్ల మోత వినిపిస్తే కాస్త సర్దుకోండి. ఈరోజు మనతో ఉన్న అక్క చాలా ఏళ్లుగా ఇక్కడే వెబ్‌సైట్లు డిజైన్ చేస్తున్నారు. అక్కా, ఇందాక టీ తాగుతూ మీ నాన్నగారి బస్ టికెట్ సంగతి మొదలుపెట్టారు. అక్కణ్నుంచే చెప్పండి.

డిజైనర్: నాన్న మా ఇంటికొచ్చి తిరిగి అనంతపురం వెళ్లాలి. "నేనే బుక్ చేసుకుంటాలే" అని ఫోన్ తీసుకున్నాడు. నేను పక్కన కూర్చున్నా. ఫస్ట్ నేమ్ ఒక గడి, లాస్ట్ నేమ్ ఇంకో గడి. ఆయన ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పక్కన చుక్క. అలాగే కొట్టాడు. గడి ఎర్రబడింది, కింద 'ఇన్‌వ్యాలిడ్' అని వచ్చింది. మళ్లీ కొట్టాడు. ఈసారి ఫోన్ నంబరుతో సహా రాసిందంతా చెరిగిపోయింది. నా వైపు తిరిగి "నా పేరు తప్పంటోందేంటమ్మా?" అన్నాడు.

హోస్ట్: అయ్యో!

డిజైనర్: ముప్ఫై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి, తమ్ముడూ. ఆయనకి తెలియక కాదు. మన ఊళ్లలో పేర్లు ఎలా ఉంటాయో ఆ గడి పెట్టినవాళ్లు ఆలోచించలేదు, అంతే.

హోస్ట్: మీరైతే ఎలా పెడతారు?

డిజైనర్: ఒకే గడి. పైన 'మీ పేరు, ఆధార్‌లో ఉన్నట్టుగా' అని రాస్తా. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ నియమాల్లోనూ పేరుకి వీలైతే ఒకే గడి పెట్టమనే ఉంది. ఇంకోటి, ఆ మాట గడి పైనే ఉండాలి. గడి లోపల లేత బూడిద రంగులో పెడితే టైప్ చేయడం మొదలుపెట్టగానే మాయమైపోతుంది. సగంలో ఫోన్ మోగి మాట్లాడి వచ్చేసరికి అక్కడేం అడిగారో గుర్తుండదు. తప్పు జరిగితే ఆ గడి పక్కనే, ఏం మార్చాలో చెప్పాలి. రాసింది మాత్రం చెరపకూడదు.

హోస్ట్: ఆ బూడిద రంగు అక్షరాలు నాకూ కష్టమే. మధ్యాహ్నం ఎండలో బస్టాపులో నిలబడితే ఒక్క ముక్క కనపడదు.

డిజైనర్: దానికి లెక్క ఉంది. డబ్ల్యూసీఏజీ అని, చూపు తక్కువున్నవాళ్లతో సహా అందరూ సైట్లు వాడగలిగేలా ప్రపంచమంతా పాటించే ప్రమాణాలున్నాయి. మామూలు సైజు అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి. 2023లో వచ్చిన 2.2 వెర్షన్‌లో, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలన్నారు. యాపిల్ అయితే 44 పాయింట్లు అంటుంది. నేను ఆ పెద్దదే పట్టుకుంటా. బస్సులో ఒక చేత్తో రాడ్ పట్టుకుని బొటనవేలితో నొక్కేవాళ్లు నాకు కళ్ల ముందు కనపడతారు.

హోస్ట్: తెలుగు సైట్ల సంగతేంటి? ఇంగ్లిష్‌ది తెలుగులోకి మారిస్తే పనైపోతుంది అనుకుంటారు చాలామంది.

డిజైనర్: అక్కడే నాకు మనసు కష్టపడుతుంది. ఇంగ్లిష్ అక్షరాలకి కొలిచి బటన్ ఎత్తు బిగించేస్తారు. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. 'రాష్ట్రం'లో అయితే ఒకే అక్షరానికి రెండు వత్తులు. ఒక ప్రాజెక్టులో 'రద్దు' అన్న బటన్‌లో కింది ద వత్తు తెగిపోయి 'రదు' అని కనపడింది. డబ్బులకి సంబంధించిన పేజీ అది! నేను చేసిందల్లా ఎత్తు బిగించడం మానేసి, పైనా కిందా ఖాళీ వదలడమే. పేరాల్లో వరసల ఎడం ఇంగ్లిష్‌కి అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు సరిపోతే, తెలుగుకి 1.7 నుంచి మొదలుపెడతా. ఫాంట్ల విషయానికొస్తే, శీర్షికలకి రామభద్ర బాగుంటుంది. చదివే మాటకి మండలి, లేదంటే నోటో సాన్స్ తెలుగు.

హోస్ట్: మాటల ఎంపిక కూడా ఉంటుంది కదా?

డిజైనర్: ఎందుకుండదు! 'సమర్పించు' అని ఇంట్లో ఎవరంటాం? 'టికెట్ తీసుకోండి' అంటే సరిపోతుంది.

హోస్ట్: చిన్న షాపు పెట్టుకుని సొంతంగా సైట్ చేయించుకున్నవాళ్లు మన శ్రోతల్లో ఉన్నారు. బాగుందో లేదో వాళ్లకెలా తెలుస్తుంది?

డిజైనర్: వెబ్‌సైట్లు వాడటం ఎంత తేలికో పరిశోధించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు, ఐదుగురితో వాడించి చూస్తే ఇబ్బందుల్లో 85 శాతం దాకా బయటపడతాయని. ఐదుగురిని పిలవండి, ఫోన్ చేతికివ్వండి, పక్కన కూర్చోండి. నేర్పించొద్దు. వాళ్ల వేలు తప్పు చోటికి వెళ్తుంటే మన నోరు ఆగదు, అయినా ఆపుకోవాలి. ఇక్కడ కర్రీ పాయింట్ నడిపే ఒకావిడకి ఇలాగే ఫోన్ ఇచ్చా. 'కొనసాగించు' దగ్గర వేలు గాల్లోనే ఆగిపోయింది. చాలాసేపటికి "ఇది నొక్కితే డబ్బులు కట్ అయిపోతాయా?" అని అడిగింది.

హోస్ట్: మీరేం మార్చారు?

డిజైనర్: బటన్ మీద 'తర్వాత చిరునామా' అని రాశాం. కింద చిన్నగా 'డబ్బు ఇప్పుడే కట్టక్కర్లేదు' అని. మర్నాడు ఇంకొకావిడకి ఇచ్చా. చిరునామా పేజీలోకి వెళ్లిపోయి, "మా సందు పేరు తెలుగులో రాయొచ్చా?" అని అడిగింది.