కాలవ గట్టు మీద టెన్‌కే: క్లబ్బు వాళ్లతో కలిసి ఎలా పరుగెత్తాలి

నమస్తే అండి. దగ్గర్లో టెన్‌కే, అంటే పది కిలోమీటర్ల రేసు పెట్టారు, వాట్సాప్ గ్రూపులో ఒకరు పేరిచ్చారు, చూస్తుండగానే క్లబ్బు మొత్తం ఇచ్చేసింది, టీషర్టు సైజులు కూడా తేలిపోయాయి. ఒక్క విషయం మాత్రం ఎవరూ మాట్లాడుకోరు. ఆ రోజు ఎవరి పక్కన ఎవరు పరుగెత్తాలి? "అందరం కలిసే వెళ్దాంలే" అంటారు, కానీ స్పీడు కలవని వాళ్లు కలిసి వెళ్తే ముందు వెళ్లాల్సినవాడు ఆగుతాడు, వెనక ఉండాల్సినవాడు ఆయాసపడతాడు, ఇద్దరి రేసూ పోతుంది. అందుకే ఈ వీడియో అంతా ఆ జతల గురించీ, మొదటి రెండు కిలోమీటర్ల గురించీ.

(తెర మీద: తెల్లవారుజాము, కాలవ గట్టు రోడ్డు, ఛాతీ మీద నంబరు బిబ్‌లు పెట్టుకుని నిలబడ్డ గుంపు)

స్టార్ట్ ఇవ్వగానే ఏం జరుగుతుందో గమనించండి. మైకులో కేకలు, డప్పులు, పక్కన మన వాళ్లు, ఒంట్లో ఎడ్రినలిన్. మామూలుగా కిలోమీటరు 6 నిమిషాల్లో వెళ్లే మనిషి మొదటి కిలోమీటరు 5:20లో లాగించేస్తాడు, పైగా అతనికి అది చాలా తేలిగ్గా అనిపిస్తుంది. ఇబ్బంది అక్కడే ఉంది. ఊపిరితిత్తులు, గుండె కలిసి అందించగలిగిన ఆక్సిజన్ కన్నా కాళ్లు ఎక్కువ అడిగితే, కండరాలు ఆ లోటును గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండా వాడి పూడ్చుకుంటాయి. దాని వల్ల కండరంలో ఆమ్లత పెరుగుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది. మొదట్లో మిగిల్చుకున్న 40 సెకన్లకు బదులు ఏడో కిలోమీటరు దాటాక నిమిషాలే పోతాయి. డొక్కలో పోటు, పిక్కలు పట్టేయడం, నడక మొదలెట్టడం చాలావరకు ఆ తొందర పర్యవసానమే.

గంటలో పూర్తి చేయాలనుకునేవాళ్లకు ఒక లెక్క చెప్తాను, రాసుకోండి. మొదటి రెండు కిలోమీటర్లు 6:10 చొప్పున, తర్వాత ఆరు కిలోమీటర్లు 6:00 చొప్పున, చివరి రెండు 5:50 చొప్పున. కూడితే సరిగ్గా గంట. మొదట్లో పోయిన 20 సెకన్లు చివర్లో తిరిగొస్తాయి, అది కూడా చుట్టూ ఉన్నవాళ్లంతా నీరసపడుతున్నప్పుడు.

ఇప్పుడు జతల సంగతి. స్నేహాన్ని బట్టి జతలు కట్టకండి, గత నెల రోజుల్లో మీరు నిజంగా పరుగెత్తిన టైములు ముందు పెట్టుకుని కట్టండి. కిలోమీటరుకు పది పదిహేను సెకన్ల తేడా ఉన్నవాళ్లు ఒక జట్టు అనుకోవచ్చు, అంతకు మించితే వేరే జట్టు. ఇద్దరో ముగ్గురో చాలు, ఐదుగురు అడ్డంగా పరుగెడితే వెనక వాళ్లకు దారుండదు. జట్టులో ఒకరు గడియారం చూసుకునే బాధ్యత తీసుకోవాలి, మొదటి రెండు కిలోమీటర్లూ ఆ మనిషి మాటే చెల్లాలి. వయసులో చిన్నదైనా సరే, "బాబాయ్ గారూ, తగ్గండి" అంటే బాబాయ్ గారు తగ్గాలి. ఇది ముందు రోజు రాత్రే ఒప్పుకోవాలి, రోడ్డు మీద ఒప్పుకోవడం కష్టం.

గడియారం లేకపోతే మాటతో చూసుకోండి. మొదటి రెండు కిలోమీటర్లలో ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. "నీళ్ల స్టాలు ఎంత దూరంలో ఉందిరా?" అని ఒక్క ఊపిరిలో అడగలేకపోతే మీరు వేగంగా వెళ్తున్నట్టే. ఆరో కిలోమీటరుకు రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే కంగారు పడకండి, రేసులో అది మామూలే.

(తెర మీద: ధవళేశ్వరం బ్యారేజీ, కింద కాలవలు విడిపోయే చోటు)

ఇక మన రోడ్డు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, అక్కడి నుంచి నీళ్లు ఏ మోటారూ లేకుండా పారుతూ గోదావరి డెల్టా అంతా తిరుగుతాయి. అంటే వాలు ఉంది, కానీ కాలికి తెలిసేంత లేదు. ఎత్తుపల్లాలు లేని రోడ్డంటే సుఖమే అనుకుంటాం, నిజానికి కొండ రోడ్డులో ఎక్కేటప్పుడు ఒక కండరం, దిగేటప్పుడు ఇంకో కండరం కష్టపడి ఒకదానికొకటి విశ్రాంతి ఇచ్చుకుంటాయి, మన దగ్గర పది కిలోమీటర్లూ అవే పిక్కలు, అదే అడుగు. అందుకే ప్రాక్టీసులో కాలవ వంతెనలు, ఏటిగట్టు ర్యాంపులు వారానికి ఒకసారైనా ఎక్కి దిగండి. రేసులో వంతెన వచ్చినప్పుడు వేగం పట్టుకు వేలాడకుండా అడుగు చిన్నది చేసి, అదే ఆయాసంతో దాటేయండి.

గట్టు రోడ్డు వాన నీళ్లు జారిపోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటుంది. మొత్తం దూరం ఒకే అంచున పరుగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, మోకాలి బయటి వైపు, తుంటి నొప్పెడతాయి. ట్రాఫిక్ ఆపేసిన చోట మధ్యలోకి రండి. ఆపని చోట మాత్రం నిర్వాహకులు చెప్పిన వైపే ఉండండి, కొబ్బరికాయల లోడు లారీకి మన పర్సనల్ బెస్ట్ టైముతో పనిలేదు. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాని మీద కాలు జారుతుంది, పైగా అది ఒక రైతు కష్టం, పక్క నుంచి వెళ్లండి. జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది కాబట్టి అంతకు ముందు చీకటి, మంచు రెండూ ఉంటాయి. లేత రంగు బనీను వేసుకోండి.

ఉక్కపోత గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. సముద్రం దగ్గర, చుట్టూ నీళ్లున్న చేలు, గాలి నిండా తేమ, చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది. వేడి లోపలే ఉండిపోతుంది, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చి మనతో పరుగెత్తే తమ్ముళ్లు అక్కడి టైములు ఇక్కడ ఆశించకండి. ఇలాంటి వాతావరణానికి ఒళ్లు అలవాటు పడటానికి సుమారు 10 నుంచి 14 రోజుల ప్రాక్టీసు పడుతుంది. అంత సమయం లేకపోతే టార్గెట్ తగ్గించుకుని రండి, తల తిరిగినా చలి పుట్టినా ఆగిపోండి, ఆ జట్టులో ఇంకొకరు తోడుగా ఆగాలి. టైము కోసం అతన్ని వదిలి వెళ్లే క్లబ్బు నా దృష్టిలో క్లబ్బే కాదు.

నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. భయంతో లీటర్లు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పల్చబడిపోతుంది, అది ప్రమాదం. కొబ్బరి బొండం మంచిదే, అందులో పొటాషియం బాగా ఉంటుంది, కానీ చెమటలో ముఖ్యంగా పోయేది సోడియం. అందుకే రేసు అయ్యాక ఉప్పేసిన మజ్జిగ కూడా ఒక గ్లాసు పట్టించండి. ముందు రోజు రాత్రి మామూలు అన్నం చాలు, పది కిలోమీటర్లకు ప్రత్యేకంగా ఏదీ కుక్కుకోనక్కర్లేదు. పొద్దున రెండు ఇడ్లీలు, గంటన్నర ముందు.

కొత్త బూట్లు వద్దు. రాసుకునే చోట్ల వాజలైన్.

టైము గురించి ఒక మాట. బిబ్ వెనక టైము నమోదు చేసే చిప్ ఉంటే మీరు స్టార్ట్ దగ్గర పరిచిన మ్యాట్ దాటిన క్షణం నుంచి లెక్క వస్తుంది కాబట్టి ముందు వరసలోకి తోసుకెళ్లనక్కర్లేదు, మీ వేగం వాళ్ల మధ్యే నిలబడండి. పద్ధతిగా కొలిచిన రూటైతే, దాన్ని మలుపుల లోపలి అంచుకు దగ్గరగా, అతి చిన్న దారిలో కొలుస్తారు, పైగా దూరం తగ్గకుండా కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు. మనం కాలవ వంకర్లలో బయటి అంచున తిరుగుతాం, అందుకే వాచీ 10.15 కిలోమీటర్లు చూపిస్తుంది. నిర్వాహకులతో గొడవ పెట్టుకోకండి.

మీరు ముగించాక క్లబ్బులో ఇంకా ఎవరో వస్తూ ఉంటారు. నీళ్ల సీసా పట్టుకుని వెనక్కి వెళ్లి చివరి మనిషి పక్కన పరుగెత్తండి, కానీ బిబ్ విప్పేసి వెళ్లండి, ఫినిష్ మ్యాట్ దగ్గరికి రాగానే పక్కకు తప్పుకోండి, లేకపోతే చిప్ మళ్లీ చదివి టైములు కలగాపులగం అవుతాయి.