మీటరు మారితే పేదవాడికి కరెంటు దూరమవుతుందా? – తిరుపతి స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఇళ్లకు, దుకాణాలకు స్మార్ట్ మీటర్లు, అంటే వాడకం లెక్కను తమంతట తామే కరెంటు సంస్థకు పంపే మీటర్లు, పెట్టడం మీద గొడవ రేగింది. సూటిగా అడుగుతున్నా: మీటరు మారితే పేదవాడికి కరెంటు దూరమవుతుందా? మేడమ్, మీరు చెప్పండి.

ఆర్థిక శాస్త్ర అధ్యాపకురాలు: 2023 లెక్కల్లో ప్రపంచంలో 66 కోట్ల మందికి పైగా కరెంటే లేదండి. ఎక్కువమంది ఆఫ్రికాలోనే. అక్కడ 2030 నాటికి 30 కోట్ల మందికి కరెంటు ఇవ్వాలని ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు పూనుకున్నాయి. మనం 2017లో మొదలైన కేంద్ర పథకం సౌభాగ్య కింద ఇంటింటికీ తీగ లాగాం. అయితే తీగ రాగానే పేదరికం...

రైతు నాయకుడు: ఆఫ్రికా దాకా ఎందుకమ్మా? మా పుంగనూరు వైపు రండి! వెయ్యి అడుగులు బోరేస్తే నీళ్లు పడతాయో లేదో తెలీదు. పడ్డాక లోవోల్టేజీ. మోటారు కాలిపోతే రీవైండింగ్‌కు అప్పు చేయాలి!

యాంకర్: అంటే మీటరు వద్దంటారు?

రైతు నాయకుడు: వద్దు! 2000లో హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద అడిగితే కాల్పుల్లో ముగ్గురు పోయారు. అది మర్చిపోతామా?

రిటైర్డ్ ఇంజనీర్: సార్, ఇప్పుడు మాట్లాడేది ఇళ్ల మీటర్ల గురించి. రైతులకు 2004 నుంచి ఉచితమే. లోవోల్టేజీకి కారణం వేరు. ఆటో స్టార్టర్లు పెట్టేశారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడో లెక్క...

రైతు నాయకుడు: తప్పు రైతుదేనా? రాత్రిపూట కరెంటిస్తే పాములున్న పొలంలోకి ఎవడు పోతాడు? అందుకే ఆటో స్టార్టర్!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: ఒక్కొక్కరు... సార్, ఒక్క మాట, తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు కూడా మీరు...

రైతు నాయకుడు: గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి! కాయ మెత్తబడిపోయింది!

అధ్యాపకురాలు: నేను చెప్పేదీ అదే. ఊళ్లో నిలకడగా పెద్ద మోటార్లు నడిపే త్రీ ఫేజ్ కరెంటు ఉంటే చిన్న గుజ్జు యూనిట్, చిన్న కోల్డ్ రూం అక్కడే పెట్టుకోవచ్చు. బల్బు వెలిగితే పిల్లలు చదువుకుంటారు, మోటారు తిరిగితేనే ఇంటికి ఆదాయం. వంట సంగతీ చూడండి. 2016లో ఉజ్వల గ్యాస్ వచ్చింది. రెండో సిలిండర్ కొనలేక మళ్లీ కట్టెల పొయ్యి వెలిగించిన ఆడవాళ్లు...

(తర్వాతి మాటలు కేకల్లో వినపడలేదు.)

యాంకర్: మేడమ్, మీటరు వస్తే ఆ ఆడవాళ్లకు బిల్లు పెరుగుతుందా, లేదా?

ఇంజనీర్: మీటరు టారిఫ్‌ను, అంటే యూనిట్ ధరను, పెంచదండి. టారిఫ్ నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి.

రైతు నాయకుడు: ఇవాళ మీటరు, రేపు ముందే రీచార్జ్! డబ్బు అయిపోతే చీకటే! కూలోడు రీచార్జ్ ఎక్కడ చేయిస్తాడు?

ఇంజనీర్: ప్రీపెయిడ్ వేరే చర్చ...

యాంకర్: కూలోడు చీకట్లో ఉండాలా? ఇదే మా ప్రశ్న. మేడమ్, అర నిమిషం.

అధ్యాపకురాలు: ఎన్ని గంటలు, ఎంత వోల్టేజీ, అసలు...

రైతు నాయకుడు: తొమ్మిది గంటలు పగలే కావాలి! రాసుకోండి!

యాంకర్: చిన్న విరామం.