ప్లాస్మా అంచున నడిచే తరంగం: కంప్యూటర్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

సమన్వయకర్త: నమస్కారం. క్వార్ట్జ్ గొట్టంలోని వాయువును మైక్రోవేవ్‌తో వెలిగించే సర్ఫాట్రాన్ గురించి ఈ రోజు చర్చ. డాక్టర్ గారూ, అందులో తరంగం ఎక్కడ ప్రయాణిస్తుంది?

భౌతిక శాస్త్రవేత్త: గోడ వెంబడే. ప్లాస్మాలోకి, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువులోకి, కొన్ని మిల్లీమీటర్లు చొరబడుతుంది, బయటి గాలిలోకీ కొంత పాకుతుంది, సరిహద్దును మాత్రం వదలదు. ట్రైవెల్‌పీస్, గౌల్డ్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే ఇలాంటి తరంగాలను వివరించారు. విశేషమేమిటంటే, ఈ తరంగమే వాయువును అయనీకరించి తన దారి తానే వేసుకుంటుంది. ముందుకు పోయేకొద్దీ శక్తి ఖర్చయి ఎలక్ట్రాన్లు పలచబడతాయి. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర ఘన సెంటీమీటరుకు దాదాపు 36,000 కోట్ల ఎలక్ట్రాన్లకు దిగితే ఇక తరంగం నడవదు. వెలుగు కూడా అక్కడితో సరి.

సమన్వయకర్త: విద్యుదయస్కాంత క్షేత్రాల సమీకరణాలన్నీ మాక్స్‌వెల్‌వే కదా, మరి కంప్యూటర్‌లో చిక్కెక్కడ?

ప్రోగ్రామర్: స్థలాన్ని చిన్న గడులుగా విడగొట్టి లెక్కగట్టాలి, ఆ గడులతోనే తంటా అంతా. 1966లో కేన్ యీ అనే శాస్త్రవేత్త చూపిన పద్ధతిలో విద్యుత్ క్షేత్రపు భాగాలు ఒకే బిందువులో ఉండవు, గడి అంచుల మీద ఒక్కొక్కటి ఒక్కో చోట కూర్చుంటాయి. గోడకు లంబంగా ఉన్న భాగం సరిహద్దులో హఠాత్తుగా మారుతుంది, గోడ వెంబడి ఉన్నది మారదు. అలాంటప్పుడు ప్లాస్మా ఏ గడిలో మొదలైనట్టు? అర గడి అటో ఇటో అయినా తరంగదైర్ఘ్యం తేడా వస్తుంది. ఇందాక చెప్పిన కనీస సాంద్రత దగ్గర మరీనూ, ఎందుకంటే అక్కడ తరంగం బాగా కుదించుకుపోతుంది.

సమన్వయకర్త: గడులను చిన్నవి చేస్తే?

ప్రోగ్రామర్: చేయవచ్చు, కానీ ఖర్చు చూడండి. ఘన సెంటీమీటరుకు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లు, 2 ఎలక్ట్రాన్ వోల్టుల ఉష్ణోగ్రత అనుకుందాం. డిబై దూరం, అంటే ప్లాస్మాలో ఒక విద్యుదావేశ ప్రభావం మరుగుపడిపోయే దూరం, సుమారు 10 మైక్రాన్లు. ఎలక్ట్రాన్లను కణాలుగా లెక్కించే మామూలు పద్ధతిలో గడి అంతకంటే బాగా పెద్దదైతే లెక్కలో ప్లాస్మా ఏ కారణమూ లేకుండా వేడెక్కుతుంది! 10 మైక్రాన్లను కాంతి 33 ఫెమ్టోసెకండ్లలో దాటేస్తుంది, టైమ్ స్టెప్, అంటే లెక్కలో ఒక్కో అడుగుకు గడిచే కాలం, అంతకు మించకూడదు. మైక్రోవేవ్ ఒక్క ఆవర్తనం 408 పికోసెకండ్లు. అంటే ఒక్క ఆవర్తనానికే 12,000 టైమ్ స్టెప్పులకు పైన.

భౌతిక శాస్త్రవేత్త: అందుకే మేము అటు పోము. తరంగాన్ని ఒకే పౌనఃపున్యం దగ్గర లెక్కగట్టి, ప్లాస్మాను ద్రవంలా భావించి నెమ్మదిగా మార్చుకుంటూ పోతాం.

ప్రోగ్రామర్: అక్కడే నాకు పేచీ. గోడ దగ్గర సాంద్రత క్రమంగా తగ్గుతుంది. ఆ వాలులో ఒకచోట, ఘన సెంటీమీటరుకు దాదాపు 7,400 కోట్ల ఎలక్ట్రాన్ల దగ్గర, పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి ప్లాస్మా స్పందనను చెప్పే విలువ) సున్నా అయి క్షేత్రం ఎగదన్నుతుంది. పీడనం తక్కువైతే ఆ శిఖరాన్ని అణిచే తాకిడులు ఉండవు. మీ నమూనాలో దాని ఎత్తును నిర్ణయించేది గడి పరిమాణమే, భౌతిక శాస్త్రం కాదు.

భౌతిక శాస్త్రవేత్త: తక్కువ పీడనంలో అయితే ఒప్పుకుంటాను. వాతావరణ పీడనంలో తాకిడులే దాన్ని మొద్దుబారుస్తాయి, అక్కడ మీ కణాల లెక్క దండగ ఖర్చు.

సమన్వయకర్త: ఇద్దరికీ సమ్మతమైన పరీక్ష ఏదైనా ఉందా?

ప్రోగ్రామర్: ఉంది. ముందు ఏకరీతి ప్లాస్మా, పక్కన శూన్యం పెట్టి నడపాలి. ప్లాస్మా పౌనఃపున్యాన్ని, అంటే అందులోని ఎలక్ట్రాన్లు సహజంగా ఊగే పౌనఃపున్యాన్ని, 2 వర్గమూలంతో భాగించగా వచ్చే విలువకు పైన కూడా తరంగం సరిహద్దును అంటిపెట్టుకుని నడిస్తే కోడ్‌లో తప్పున్నట్టే. ఆ తర్వాత రంగుల బొమ్మ ఎంత అందంగా ఉన్నా నేను చూడను.

భౌతిక శాస్త్రవేత్త: అందులో నెగ్గాక గడిని సగం చేసి మళ్లీ నడపాలి. చాలామంది దాన్ని ఎగ్గొడతారు.

ప్రోగ్రామర్: ద్విమితీయ లెక్కకే ఎనిమిది రెట్ల సమయం పడుతుంది మరి.